పొలం నుంచి వచ్చిన మనిషి

విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద గుర్తు పెట్టించుకుని కూర్చున్నాక బాలశౌరి ఫాదర్ మమ్మల్ని ఒక మాట అడిగారు. ఈస్టరు దాకా సాగే ఈ నలభై రోజుల తపస్సు కాలంలో మీకు బాగా ఇష్టమైంది ఒకటి వదిలిపెట్టండి, అదేమిటో ఇప్పుడే దేవుడికి చెప్పుకోండి అన్నారు. మగవాళ్ళు బీడీలన్నారు, ఆడవాళ్ళు టీవీ సీరియళ్ళన్నారు. మా గుడి కమిటీ పెద్ద సునీల్‌కుమార్ కాఫీ మానేస్తానని అందరికీ వినబడేలా చెప్పి, మర్నాటి నుంచి పూటకు రెండు గ్లాసుల టీ మొదలుపెట్టాడు. నేను కోపం మానేస్తానన్నాను. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. అంతకంటే ఇష్టమైంది నా దగ్గర ఇంకొకటి లేదని ఊరందరికీ తెలుసు.

నా పేరు లూర్దమ్మ. వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోతుంటే రోడ్డుకు ఎడమ పక్క ఒక బోడిగుట్ట కనిపిస్తుంది. దాని కింద ఉండే రాయప్పపల్లె మాది. ఊళ్ళో సగం మంది మా గుడికి వచ్చేవాళ్ళు, సగం మంది హిందువులు. మరియదళం ఆడవాళ్ళకు పెద్దను నేనే, సిలువ మార్గంలో మైకు పట్టుకుని చదివేదీ నేనే. నా గొంతు బాగుంటుందని కాదు, మైకు చెడిపోయినా చివరి మనిషికి వినబడుతుందని ఆ పని నాకిచ్చారు.

సిలువ మార్గమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. యేసు సామి సిలువ మోసుకుంటూ చావుకు నడిచిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలచుకుని, ఒక్కో స్థలం దగ్గర ఆగి మోకాళ్ళూనే భక్తి అది. తపస్సు కాలంలో ప్రతి శుక్రవారమూ గుడి లోపలే, గోడకు ఉన్న పటాల ముందు చేస్తాము. ఆఖరున వచ్చే పెద్ద శుక్రవారం నాడు మాత్రం వేపమాను సిలువను భుజాన ఎత్తుకుని గుడి నుంచి గుట్ట మీదికి నడుస్తాము. ఆయన ప్రాణం విడిచిన పన్నెండో స్థలం గుట్ట మీద ఉంది. మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఉండాలి. ఆయన పోయింది ఆ వేళకే కాబట్టి, ఎండ కాని వాన కాని, మా ఊళ్ళో ఆ వేళ ఎన్నడూ తప్పలేదు.

ఇందులో అయిదో స్థలానికి మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. సామి సిలువ మోయలేక తూలిపోతుంటే, అప్పుడే పొలం నుంచి వస్తున్న సీమోను అనే మనిషిని సైనికులు పట్టుకుని, ఆయన సిలువ ఇతని మీద పెట్టారు. ఆ సీమోనుకు ఆయనెవరో తెలియదు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏట, ఆ సీమోనుగా ఎవరు మోయాలని మా రెండు వంశాల వాళ్ళు పెద్ద శుక్రవారం నాడే కొట్టుకున్నంత పని చేశారు. అప్పటి పెద్ద ఫాదరుకు ఒళ్ళు మండి, సిలువను గుట్టదారి మలుపులో నిలబెట్టించి, మీరెవరూ ముట్టుకోవద్దు, పొలం నుంచి వచ్చే మొదటి మనిషి ఎవరైతే వాళ్ళే మోస్తారు, వాళ్ళు వచ్చేదాకా అడుగు కదలదు అన్నారు.

ఆ పూట పొలం నుంచి వచ్చింది వరదయ్య. భుజాన పార, మోకాళ్ళ దాకా బురద, అప్పటికింకా మీసాలు సరిగా రాని వయసు. మా గుడి గడప ఎన్నడూ తొక్కని రైతుబిడ్డ. ఇంతమంది దారికి అడ్డంగా ఉంటే బెదిరిపోయి, ఫాదర్ చెప్పింది విని, "యాడిదాకా మోయాల సామీ?" అని ఒక్క మాట అడిగి సిలువ కిందికి భుజం పెట్టాడు. అప్పటినుంచి అదే మా పద్ధతి అయింది. పిలవకూడదు, ముందుగా మాట్లాడి పెట్టుకోకూడదు. వచ్చినవాళ్ళ దగ్గర కులమూ మతమూ అడగకూడదు.

తమాషా ఏమిటంటే, ఆ మరుసటి ఏడూ పొలం నుంచి వచ్చింది వరదయ్యే. ఆ పై ఏడూ అతనే. ఎక్కడి పని అక్కడ పెట్టి, సరిగ్గా ఆ వేళకు ఆ మలుపులో ఉన్న తన చేనులోనే పార పట్టుకుని ఉండేవాడు. మమ్మల్ని చూసి నోరు తెరిచి, "ఇదేందక్కా, ఈ పొద్దేనా పెద్ద శుక్రారం? నాకు గ్యాపకమే లేదే!" అనేవాడు. ఏటా అదే మాట. వారం ముందునుంచి అతని ఇంట్లో మాంసం వండరని మాకందరికీ తెలుసు. తెలియనట్టు మేమూ నటించేవాళ్ళం. మీసాలు నెరిసేదాకా అట్లాగే మోశాడు.

పోయిన కార్తీకంలో వరదయ్య గుండె పట్టేసి పోయాడు. భార్య భారతమ్మ, చిత్తూరులో నర్సు చదువుతున్న కూతురు ఐశ్వర్య మిగిలారు. తమ్ముడు మునిప్రసాద్ ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఏనాడో నోటిమాటతో ఆస్తి పంచుకున్నారు. గుట్ట కిందున్న మామిడితోట తమ్ముడికి, దాని పక్కనున్న చేను అన్నకు. కాగితాలు మాత్రం ఇంకా వాళ్ళ నాయన పేరుమీదే ఉన్నాయి. అన్న పోయిన నెల తిరక్కుండానే మునిప్రసాద్, ఆడమనిషి సేద్యమేంది, చేను నేను చూసుకుంటాను, తినడానికి గింజలు నేనే పంపిస్తాను అని మొదలుపెట్టాడు. భారతమ్మ ఒప్పుకోలేదు. సంక్రాంతి దాటగానే తనే దగ్గరుండి వేరుశనగ వేసింది. అతను ఊరి పెద్దమనిషి ధనంజయ దగ్గరికి పోయాడు. ఈస్టరని అందరూ అనే మా పాస్కా పండగ మర్నాడు సోమవారం కూర్చుందామని ధనంజయ చెప్పాడు. కాగితం లేని చోట ఆయన అడిగేది ఒక్కటే. చేను ఎవరి చేతిలో ఉందని ఊరు అనుకుంటూ ఉంది? ఊరు ఎవరి పేరు చెబితే చేను వాళ్ళది.

తపస్సు కాలం సగం గడిచాక ఒక పొద్దున నేను ఆ దారిన పోతుంటే భారతమ్మ చేనులో కలుపు తీస్తూ కనబడింది. చీర మీద వరదయ్య పాత చొక్కా తొడుక్కుని ఉంది. నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది.

"ఈ చేను పోతే నేను నా బిడ్డిని తీసుకోని యాడికి పోయేది లూర్దక్కా? వాళ్ళు పడేసే గింజలకు ఎదురుసూస్తా కూర్చోవాల్నా?" అంది.

"అట్లేం జరగదులేమ్మా," అన్నాను. ఎట్లా జరగదో నాకూ తెలియదు.

ఆమె చేతిలోని కలుపు గట్టున పడేసి, "మీ పెద్ద శుక్రారం ఈ తూరి ఎప్పుడొచ్చిందక్కా?" అని అడిగింది.

నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పిలిచినట్టే. పిలిస్తే మా కట్టుబాటు మేమే తప్పినట్టు. "క్యాలెండర్లో ఉంటాది, సూసుకో," అని ముఖం తిప్పుకుని వచ్చేశాను. ఇంటికి వచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నా మీద నేను కోప్పడడం ఫాదర్ లెక్కలోకి రాదనుకున్నాను.

నేను ఇంత నిష్ఠగా నోరు కట్టేసుకుంటే, సునీల్‌కుమార్ ఏం చేశాడంటే, నేరుగా మునిప్రసాద్ ఇంటికి పోయి పిలిచి వచ్చాడు. వరదయ్య లేడు, ఎవరూ రాకపోతే అంతమందిమి ఎండలో నిలబడిపోతామని అతని భయం. గుట్టకు పోయే బండిదారి మునిప్రసాద్ తోటలోనుంచే. పెద్ద శుక్రవారం నాడు గేటు తీసేది, తాగడానికి ట్రాక్టరు మీద నీళ్ళ డ్రమ్ములు పంపేది అతనే. అట్లాంటి మనిషిని గౌరవిస్తే తప్పేముందని సునీల్‌కుమార్ అనుకున్నాడు. అయిదో స్థలంలో సిలువ అందుకునేది ఆ చేను మనిషేనని ఊరంతా ఇన్నేళ్ళుగా చూస్తోందన్న సంగతి అతనికి తట్టలేదు. మునిప్రసాదుకు మాత్రం తట్టింది, ఆ సిలువ తను అందుకుంటే సోమవారం నాడు ఊరు తన పేరే చెబుతుందని. ఈ కథంతా నాకు పెద్ద శుక్రవారం నాడు గుడిముందు సిలువ ఎత్తేటప్పుడు తెలిసింది. కోపం మింగడానికి, మరియతల్లికి చెప్పుకునే మంగళవార్త జపం ఒకటి చెప్పుకుని మైకు అందుకున్నాను.

ఆ ఎండ గురించి నేను చెప్పేదేమీ లేదు, మా వైపు ఏప్రిల్ ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. నాలుగు స్థలాలు ఊళ్ళో అయ్యాయి. పాట పాడుకుంటూ గుట్టదారి మలుపుకు వచ్చాము. అక్కడ అయిదో స్థలానికి గుర్తుగా చిన్న రాతిసిలువ ఉంది. ఎడమ పక్క మునిప్రసాద్ తోట గేటు, కుడి పక్క వరదయ్య చేను. మోస్తున్నవాళ్ళు సిలువను దించి నిలబెట్టి పట్టుకున్నారు. నేను అయిదో స్థలమని చదివాను.

మునిప్రసాద్ తయారుగా ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, కాళ్ళకు మెరిసే తోలు చెప్పులు, భుజం మీద సరికొత్త పార. పార కర్రకు అంగడి చీటీ ఇంకా ఊడలేదు. పక్కన సాక్ష్యానికని ధనంజయను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. నా చదువు అయిపోగానే అతను చేను గట్టు మీద నాలుగడుగులు లోపలికి వేసి, అక్కడ వెనక్కి తిరిగి, పొలంలోనుంచి వస్తున్నట్టుగా మా వైపు నడిచాడు. సునీల్‌కుమార్ చేతులు జోడించి ఎదురుపోయాడు.

సరిగ్గా అప్పుడే చేను అవతలి కొస నుంచి భారతమ్మ వచ్చింది. భుజాన పార ఉంది. నీళ్ళు కడుతూ ఉన్నట్టుంది, పాదాలు కనబడనంత బురద. ఆమె గట్టు మీదికి ఎక్కి, మా అందరినీ చూసి, మొగుడు ఏటా అన్న మాట అనలేదు. వచ్చి నిలబడింది.

మునిప్రసాద్ ముఖం మారిపోయింది. "వదినా, ఆగాడ్నే!" అన్నాడు. "అన్న పోయి ఏడాది గూడా తిరగలా. ఇంతమంది దేవుని పనిమింద పోతా ఉంటే ఎదురొస్తావా? పక్కకు జరుగు."

భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదన్న ఆ పాడుమాట మా వాళ్ళ చెవులకూ కొత్తది కాదు. మా ఆడవాళ్ళలోనే ఇద్దరు ముగ్గురు చూపులు దించుకున్నారు. భారతమ్మ కాలు అక్కడే ఆగిపోయింది. వెనక్కి పోతుందేమోననిపించింది. కుర్రవాడు మా ఫాదర్, ఈ ఊరికి కొత్త. నా దగ్గరికి వంగి, "లూర్దమ్మా, ఏం చేద్దాం?" అని మెల్లగా అడిగారు.

నేను మంగళవార్త జపం మొదలుపెట్టాను. సగంలో మరిచిపోయాను. విభూది బుధవారం నుంచి మింగిన కోపమంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. చేతిలో మైకు ఆన్‌లో ఉందన్న సంగతి కూడా అప్పుడు తోచలేదు.

"మునిప్రసాదప్పా," అన్నాను. ఆ పిలుపు గుట్టకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. "మేము పోతా ఉండేది పెండ్లికి గాదు, సావుకి. సావుకు పోయేవాళ్ళకు శకునమేంది? ఆ పొద్దు మా సామికి ఎదురొచ్చి ఏడ్చినోళ్ళు, మొగం తుడిసినోళ్ళు ఎవురనుకున్నావు? అందరూ ఆడోళ్ళే. వాళ్ళల్లో మొగుళ్ళు లేనోళ్ళు ఎంతమందో ఎవురూ అడగలా."

"నన్ను పిలిస్తేనే వచ్చినాను," అన్నాడు అతను.

"పిలిసినోళ్ళది తప్పు, నీది గాదు. పిలవకుండా రావాల, పొలంలోనుంచి రావాల. అది మా కట్టుబాటు. నీ కాళ్ళు సూసుకో అప్పా. ఆయమ్మ కాళ్ళు సూడు."

అందరూ కాళ్ళే చూశారు. మునిప్రసాద్ కూడా తన చెప్పులు చూసుకున్నాడు. సునీల్‌కుమార్ నా మోచేయి పట్టుకుని, "సీమోను మగోడు గదక్కా!" అని గొణిగాడు. అది కూడా మైకులో పడింది.

"మొన్న మట్టల ఆదివారం సామి ఊరేగింపుకు గాడిద దొరక్క సునీలూ, నీ మేకపోతును తెచ్చి కట్టినావు. అప్పుడు లేని పట్టింపు ఇప్పుడొచ్చిందా?" అన్నాను. జనంలో నవ్వు లేచింది. ఆ నవ్వులో బిగుసుకుపోయిన గాలి కొంచెం వదిలింది.

ఫాదర్ ఇంక నన్నేమీ అడగలేదు. తనే సిలువ పట్టుకుని గట్టు దాకా నడిచి, "అమ్మా, కాస్త సాయం పడతారా?" అన్నారు.

భారతమ్మ పార కింద పెట్టింది. నడుముకు చుట్టుకున్న తువ్వాలు తీసి మడతపెట్టింది. "నెత్తిన పెట్టుకోనా సామీ, భుజమిందనా?" అని అడిగింది. గడ్డిమోపైనా ఎరువుగంపైనా నెత్తిన మోసిన మనిషి. భుజం మీదే అన్నారు ఫాదర్. ఆమె వంగి భుజం ఇచ్చింది, సిలువ లేచింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాగా అయిందనుకున్నాను. నా నోటికి తిరుగులేదనుకున్నాను.

వెనక గొలుసు చప్పుడయింది. మునిప్రసాద్ తోట గేటు మూసి తాళం వేస్తున్నాడు.

"నా తోటలో దారి ల్యా," అన్నాడు. "మీ ఇష్టమొచ్చినోళ్ళతో మోయించుకుంటిరి గదా. మీ ఇష్టమొచ్చిన దారిన పొండి."

తోటలోనుంచి కాకపోతే వెనక్కి ఊళ్ళోకి పోయి, పెద్ద రోడ్డు ఎక్కి, గుట్టను చుట్టుకుని రావాలి. ముసలివాళ్ళతో, చంకబిడ్డలతో ఆ దారిన పోతే నాలుగైనా చేరము. సునీల్‌కుమార్ నా వైపు చూసిన చూపులో అంతా ఉంది. "సూసినావా అక్కా నీ నోరు!" అని పైకి కూడా అన్నాడు. జన్మలో మొదటిసారి మైకు చేతిలో ఉండి మాట రాలేదు.

భారతమ్మ సిలువతో అట్లాగే వెనక్కి తిరిగింది. గట్టు దిగి తన చేనులోకి ఒక అడుగు వేసింది. "ఇట్ల రండి," అంది. "నా చేను ఆ కొస గుట్టకే తగల్తాది."

ఎవరూ కదల్లేదు. మేమంతా సేద్యం ఎరిగినవాళ్ళమే. వేరుశనగ పూత అయ్యాక కొమ్మల నుంచి ఊడలు దిగి నేలలోకి దూరతాయి, కాయ పట్టేది ఆ ఊడకే. ఆ రోజుల్లో చేనులోకి కుక్కను కూడా రానివ్వరు. మట్టి కదిలితే ఊడ తెగిపోతుంది, కాయ ఉండదు. ఆ చేను అప్పుడు సరిగ్గా ఊడలు దిగే పదునులో ఉంది, పైగా అప్పుడే నీళ్ళు కట్టిన నేల. అందులోకి రెండు వందల మందిని రమ్మంటోంది ఆమె.

"వద్దు తల్లీ," అన్నాడు సునీల్‌కుమార్. అతనికీ రెండెకరాల వేరుశనగ ఉంది. "ఊడలు దిగతా ఉండాయి. పాపం తగల్తాది మాకు."

గేటు దగ్గరనుంచి మునిప్రసాద్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వదినా! పిచ్చిగాని పట్టిందా నీకు? పంటంతా నాశనమైపోతాది! ఒరే, ఎవురూ దిగొద్దండి! తొక్కొద్దండి!"

భారతమ్మ సిలువ దించకుండానే అతని వైపు తిరిగింది.

"ఎవురి పంట?" అని అడిగింది.

అతను నోరు తెరిచాడు. పక్కన ధనంజయ నిలబడి ఉన్నాడు. "మన... మన ఇంటి పంట," అన్నాడు.

"ఇత్తనం ఏసిన పొద్దు యాడుంటివి నువ్వు? రాత్రి కరెంటుకు నీళ్ళు కట్టినప్పుడు యాడుంటివి? పందులొచ్చి పడితే టార్చిలైటు పట్టుకోని నేను అరస్తా ఉంటే యాడుంటివి?" ఆమె గొంతు పెంచలేదు. మైకు ఆమె దగ్గరికి తీసుకుపోదామా అనుకున్నాను, అవసరం లేకపోయింది. "నా పంట ఇది. కాపాడుకునేదానికీ నేనే, తొక్కించేదానికీ నేనే. రండి సామీ."

ఫాదర్ చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. అది చూసి అందరూ చెప్పులు విడిచారు. ఒకరి వెనక ఒకరు సాళ్ళ మధ్యలో దిగాము. చంకబిడ్డలున్నవాళ్ళు బిడ్డల కాళ్ళు కూడా పైకి పట్టుకుని నడిచారు. ముందు వేసిన అడుగులోనే వెనకవాళ్ళు అడుగు పెట్టమని ఎవరూ చెప్పలేదు, అందరూ అట్లాగే పెట్టారు. అయినా ఇన్నూరు మంది ఇన్నూరు మందే. తడిమట్టిలో మడమ దిగినప్పుడల్లా పక్క చెట్టు ఒరిగేది. నా కాలి కింద పుటుక్కుమన్న చప్పుడు నాకే వినబడింది. నేను ఏడ్చేశాను. దాచుకోలేదు.

ఆరో స్థలం రాయి తోటలో ఉంది కాబట్టి, అది చేను నడుమనే ఆగి చదివాను. ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుని వచ్చి, సామి ముఖం తుడిచిన స్థలం అది. మోకాళ్ళూనడానికి చోటు లేదు, నిలబడే తలలు వంచాము. మా పద్ధతిలో సీమోను మోసేది అక్కడిదాకానే. తర్వాతి వంతువాడు వచ్చి భారతమ్మ ముందు చేతులు చాచాడు.

ఆమె ఇవ్వలేదు. "ఆ గట్టు దాటేదాకా నా చేనే గదబ్బా," అంది. "దాటినాక తీసుకో."

చేను చివరిదాకా ఆమే మోసింది. గుట్ట కింద రాళ్ళు మొదలయ్యే చోట సిలువను వంతువాడి భుజానికి మార్చి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుంది. అప్పుడందరమూ వెనక్కి తిరిగి చూశాము. పచ్చని చేనులో మేము వచ్చిన మేర నల్లగా, బండి పోయినట్టు దారి పడిపోయి ఉంది. సేద్యం చేసేవాళ్ళు చూడలేని దృశ్యం అది. మా వాళ్ళలో ఒక ముసలామె గుండెల మీద చెయ్యి వేసుకుంది.

నేను భారతమ్మ చెయ్యి పట్టుకున్నాను. "పోయింది గదమ్మా, పంట," అన్నాను.

"పోతే పోనీ అక్కా, మిగిలినకాడికి మిగల్తాది," అంది. చేను వైపు చూస్తూనే అడిగింది. "సోమారం పెద్దమనుషులు కూసుంటారు. పెద్ద శుక్రారం మీరంతా ఎవురి చేను తొక్కి గుట్టకు పోయినారని అడిగితే, ఏమని చెప్తారు?"

నేను నోరు తెరిచేలోపల వెనకనుంచి జవాబు వచ్చింది.

"భారతమ్మ చేను."

ధనంజయ. మునిప్రసాద్ పక్కన నిలబడడానికి వచ్చిన ఆ పెద్దమనిషి, పంచె మోకాళ్ళకు ఎగ్గట్టి, చెప్పులు చేత పట్టుకుని, మా వరుసలో చివరివాడుగా గట్టు ఎక్కుతున్నాడు. పిక్కల దాకా ఆ చేను బురదే.

ఆయన వెనక తోట గేటు దగ్గర మునిప్రసాద్ ఒక్కడే మిగిలాడు. మా ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఇందాక చూపులు దించుకున్నవాళ్ళు కూడా, ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. ప్రార్థనకు బదులు చెప్పినట్టు అన్నారు.

భారతమ్మ తల ఊపింది. "అది చాలు," అంది. "మీకు పొద్దుపోతా ఉండాది. పొండి సామీ, పొండి."